మామయ్య చెయ్యి

అప్పటికి మా అత్తవారింట్లో థర్మామీటరు ఉండేది కాదు. ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే మామయ్య వచ్చి నుదుటి మీద చెయ్యి వేసేవారు. కాసేపు కళ్లు మూసుకుని, "ఏం లేదు, లేచి పని చూసుకో" అనో, "డాక్టరు దగ్గరికి పదండి" అనో తేల్చేసేవారు. పసిపిల్లలకి నీళ్లు పోయాలన్నా బకెట్లో ముందు ఆయన వేలు మునగాల్సిందే. లారీల షెడ్డులో జీవితమంతా ఇంజన్లు తడిమిన చెయ్యి అది. మా వీధిలో వాళ్లు ఆయన్ని పేరుతో పిలవడం ఎప్పుడో మానేసి, థర్మామీటరు గారూ అనేవారు. ఆయన పైకి విసుక్కునేవారు గానీ, ఆ పిలుపు వినగానే మీసాల చాటున నవ్వు మాత్రం దాగేది కాదు.

అందుకే ఆస్పత్రిలో నర్సు అంతసేపు చెప్పిన జాగ్రత్తల్ని ఆయన ఒక్క మాటతో తేల్చేశారు. నా కూతురు నెలలు నిండకుండా పుట్టింది. వారాల తరబడి వెచ్చటి గాజుపెట్టెలో ఉంచి, బరువు కాస్త పెరిగాక ఆ రోజు మధ్యాహ్నం మా చేతిలో పెట్టారు. గుప్పెడంత పిల్ల. ఎత్తుకుంటే చుట్టిన గుడ్డల బరువే గానీ పిల్ల బరువు తెలియడం లేదు. జారిపోతుందేమోనని రెండు చేతులా పొదివి పట్టుకున్నాను.

"ఒంటిని తనంతట తను వెచ్చగా ఉంచుకోవడం దీనికింకా చేతకాదమ్మా," అంది నర్సు. "మీ ఇల్లు కొండకి అవతల కదా. దారిలో మాటిమాటికీ పొట్టా పాదాలూ ముట్టుకు చూస్తుండండి. పాదాలు మాత్రమే చల్లగా ఉంటే ఇంకో గుడ్డ చుట్టండి. పొట్ట కూడా చల్లబడిందా, ఎక్కడున్నా వెనక్కి వచ్చెయ్యండి. ఏడవట్లేదు కదా, బాగానే ఉందిలే అనుకోకండి. చల్లబడిన పిల్ల ఏడవదు. మగతగా పడుంటుంది, అంతే."

"నా చెయ్యి ఉందిగా," అన్నారు మామయ్య.

నర్సుకి ఆ చెయ్యి సంగతి తెలియదు కాబట్టి అయోమయంగా నా వైపు చూసింది. నేను తలూపాను. కానీ చల్లబడిన పిల్ల ఏడవదన్న మాట నా చెవిలో దూరి అక్కడే తిష్ఠ వేసింది.

మా ఆయనకి సెలవు దొరకలేదు. అద్దె కారు మాట్లాడదామని నేను మొత్తుకున్నాను. మామయ్య వినలేదు. మనవరాలు తన బండిలోనే ఇల్లు చేరాలట. ఆ పాత పికప్పు నాకంటే ముందు ఆ ఇంట్లో అడుగుపెట్టింది, నాకంటే దానికే మర్యాద ఎక్కువ. నేను బడిపిల్లల వ్యాను నడిపేదాన్ని, స్టీరింగు నాకు కొత్తేం కాదు. అయినా ఆపరేషను కుట్లు ఇంకా లాగుతున్నాయి, పైగా ఒళ్లో పాప. కాబట్టి మామయ్యే నడిపారు. నేను పక్క సీట్లో పాపని గుండెలకి అదుముకుని ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాను.

ఊరు దాటేవరకు హీటరు బాగానే పనిచేసింది. కొండ ఎక్కడం మొదలయ్యాక పొగమంచు కమ్ముకుంది. చలి తలుపు సందుల్లోంచి దూరి వస్తోంది. డాష్‌బోర్డు కింది నుంచి వచ్చే గాలి మొదట గోరువెచ్చగా మారింది, తర్వాత ఆ వెచ్చదనం కూడా తగ్గింది. ముందద్దం లోపలివైపు ఆవిరి పట్టి ఏమీ కనపడటం లేదు. మామయ్య ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ ఇంకో చేత్తో గుడ్డపెట్టి అద్దం తుడుస్తున్నారు. పక్కన లోయ ఉందని తెలుసు, కానీ కనిపించదు. అది ఇంకా భయంగా ఉంది.

"మామయ్యా, హీటరు సరిగ్గా రావట్లేదు."

"వస్తుందిలేమ్మా. ముసలి బండి కదా, నాలాగే. వేడెక్కడానికి టైము పడుతుంది."

"ఇందాక వేడెక్కి ఇప్పుడు చల్లబడుతోంది. అది కూడా మీలాగేనా?"

ఆయన నవ్వారు. ఎక్సలేటరు గట్టిగా తొక్కితే ఒక్కసారి వెచ్చటి గాలి బుస్సున వచ్చింది. కాలు తీయగానే మళ్లీ చల్లగాలి. ఇంజను గట్టిగా తిరిగినప్పుడే వేడి వచ్చి తర్వాత పోవడం మంచి లక్షణం కాదని నాకు కూడా తెలుసు. మా వ్యానుకి ఒకసారి అలాగే అయింది. ఆ మాట అంటే, "అది వ్యాను, ఇది బండి," అన్నారు.

పాపని ముట్టుకుని చూశాను. నా వేళ్లు అప్పటికే కొయ్యబారిపోయాయి. గడ్డకట్టిన వేళ్లకి ఏది తగిలినా వెచ్చగానే అనిపిస్తుంది. ఆ లెక్కన పాప వెచ్చగా ఉన్నట్టే ఉంది, కానీ నా చేతిని నేనే నమ్మలేకపోయాను.

"మీరు ఒకసారి చూడండి మామయ్యా."

ఆయన బండి నెమ్మది చేసి, గుడ్డల కిందికి చెయ్యి పోనిచ్చి, ముందు పాదం పట్టుకున్నారు, తర్వాత పొట్ట మీద అరచెయ్యి ఉంచారు. "వెచ్చగా ఉంది నా తల్లి. కుంపటిలా ఉంది. నువ్వు ఊరికే కంగారుపడకు." నా ప్రాణం కుదుటపడింది. అత్తవారింట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆ చెయ్యి తప్పు చెప్పడం నేను చూడలేదు.

అయినా అద్దం మీద ఆవిరి ఆగడం లేదు. ఒక మలుపులో రోడ్డు అంచు చక్రం కిందికి వచ్చేసినట్టు అనిపించి నేను కెవ్వుమన్నాను. దాంతో మామయ్య కొండవైపు కాస్త వెడల్పున్న చోట బండి ఆపి, ఇంజను ఆపకుండానే దిగి బానెట్టు ఎత్తారు. పని చేస్తూ పాఠం చెప్పడం ఆయనకి అలవాటు. నేను అద్దం కొంచెం దించి విన్నాను.

"హీటరంటే పెద్ద బ్రహ్మవిద్యేం కాదమ్మాయ్. నీ కాళ్ల దగ్గర చిన్న రేడియేటరొకటి ఉంటుంది. ఇంజన్లో కాగిన నీళ్లు ఒక పైపులో వెళ్లి, అందులో తిరిగి, రెండో పైపులో వెనక్కొస్తాయి. ఫ్యాను దాని మీంచి గాలి కొడుతుంది. రెండు పైపులూ కాలుతుంటే నీళ్లు బాగానే తిరుగుతున్నట్టు, గాలి మళ్లించే తలుపు పాడైనట్టు. ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే లోపల తుప్పు అడ్డం పడ్డట్టు."

"రెండూ చల్లగా ఉంటే?"

"అప్పుడు ఈ పెద్ద పైపు పట్టుకు చూడాలి. ఇంజన్లోంచి ముందు రేడియేటరుకి వెళ్లేది. ఇది కాలిపోతూ, హీటరు పైపులు చల్లగా ఉంటే నీళ్లు తగ్గిపోయినట్టు. ఇది కూడా చల్లగా ఉంటే ఇంజనే వేడెక్కడం లేదన్నమాట. ఇంజను వేడెక్కేదాకా నీళ్లని ఆపడానికి లోపల చిన్న తలుపుంటుంది, థర్మోస్టాట్. అది తెరుచుకుని ఇరుక్కుపోయినట్టు."

బానెట్టు కింది సందులోంచి ఆయన చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి. సన్న పైపులు రెండూ పట్టుకున్నారు. తర్వాత పెద్ద పైపు ఇంజనుకి కలిసే చోట, ఆ ఇనప మూతితో సహా, అరచేత్తో గట్టిగా పట్టుకుని చాలాసేపు అలాగే ఉంచారు. "చల్లగా ఉంది," అన్నారు. "చూశావా, థర్మోస్టాటే. అక్కడ వేడి చూపించే మీటరు ముల్లు కూడా కిందనే ఉందిగా."

ముల్లు నిజంగానే కింద ఉంది. ఆయన పాప గుడ్డలు పెట్టిన అట్టపెట్టె అడిగి తీసుకుని, చింపి, రేడియేటరు ముందు అడ్డంగా దోపారు. ఎదురుగాలి తగలకపోతే ఇంజను తొందరగా వేడెక్కుతుందట. చలిదేశాల డ్రైవర్లందరూ చేసే పనేనట. బానెట్టు దించి, చేతులు దులుపుకుని వచ్చి కూర్చున్నారు. ముఖంలో షెడ్డు రోజుల ధీమా కనిపించింది.

బండి మళ్లీ కదిలింది. ఎక్కుడు ఇంకా నిటారుగా ఉంది. అట్ట అడ్డం పెట్టాక వేడి రావాలి కదా, రాలేదు. ఉన్న కాస్త గోరువెచ్చదనం కూడా పోయి, ఫ్యాను నా కాళ్ల మీదకి మంచుగాలి కొట్టింది. నేను ఫ్యాను ఆపేశాను. ఇంజను చప్పుడు మారింది, గొంతు బొంగురుపోయినట్టు. ఏదో వాసన కూడా మొదలైంది. తియ్యగా, పంచదార పాకం అడుగంటినట్టు.

"ఇంజను నీళ్లలో కలిపే కూలెంటు వాసన కాదూ ఇది?" అన్నాను.

"ముల్లు చూడమ్మా, కిందనే ఉంది. పాత రబ్బరు వాసనలే."

ముల్లు వైపు చూడబోయి నేను ఆయన చేతిని చూశాను. స్టీరింగు మీద ఆయన పట్టుకున్న చోట తడి మెరుస్తోంది. ఆయన చెయ్యి జరిపినప్పుడు అరచెయ్యి కనిపించింది. బొటనవేలు మొదలు నుంచి మణికట్టు దాకా ఎర్రగా కమిలిపోయి, మధ్యలో పెద్ద పొక్కు చితికి, తోలు ముడతపడి నీరు కారుతోంది.

"మామయ్యా! మీ చెయ్యి!"

"ఏమైంది?" అని చూసుకున్నారు, ఎవరి చెయ్యో చూస్తున్నట్టు. "ఎక్కడో గీరుకుని ఉంటుంది."

"నొప్పి లేదా?"

"లేదే."

ఆ లేదే అన్న మాటతో నా ఒళ్లు జలదరించింది. గీరుకున్న గాయం కాదు అది, కాలిన గాయం. ఆయన చల్లగా ఉందని చాలాసేపు పట్టుకున్న పైపు నిప్పులా కాలుతోందన్నమాట. ఆ వేడి ఆయనకి తెలియలేదు. అంటే థర్మోస్టాటు మాట తప్పు. ఇంజను మాట తప్పు. అక్కడితో నా ఆలోచన ఆగలేదు, ఆగితే బాగుండును. ఆ చేత్తోనే కదా ఇందాక పాప పొట్ట ముట్టుకుని కుంపటిలా ఉందన్నారు.

గుడ్డలు లాగేసి, చేతులతో కాదు, వంగి చెంప ఆనించాను పాప పొట్టకి. చల్లగా ఉంది. పాదాలు పెదవులకి తాకించుకున్నాను. అవి ఇంకా చల్లగా ఉన్నాయి. కదిపాను. కళ్లు సగం తెరిచి మళ్లీ మూసేసుకుంది. ఏడవలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆపండి! బండి ఆపండి!"

ఆయన ఆపారు. ఇంజను తనంతట తనే ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది. బానెట్టు అంచుల నుంచి తెల్లగా ఆవిరి లేచింది.

"పాప చల్లబడిపోయింది. మీ చేతులకి ఏమీ తెలియట్లేదు మామయ్యా. ఎన్నాళ్ల నుంచి?"

ఆయన ముఖం పాలిపోయింది. పాప వైపు చెయ్యి చాచి, సగంలో వెనక్కి తీసుకున్నారు. "చలి మొదలైనప్పట్నుంచి," అన్నారు. "కాదు, అంతకు ముందు నుంచే. షుగరు వల్ల నరాలు మొద్దుబారాయన్నాడు డాక్టరు. స్పర్శ మళ్లీ వస్తుందేమోనని చూశా."

"ఎవరికీ చెప్పకుండానా? తెలియనప్పుడు తెలియట్లేదని చెప్పొచ్చుగా! కుంపటిలా ఉందని ఎలా అన్నారు? నా బిడ్డ ప్రాణంతోనా మీ పరువు?"

మామగారితో అలా మాట్లాడకూడదు. మాట్లాడాను. ఇంకా చాలా అన్నాను, అవన్నీ ఇక్కడ రాయను. ఆయన ఒక్కటే అన్నారు. "ఆ చెయ్యి తప్ప నా దగ్గర ఏముందమ్మా? పాపని ముట్టుకుంటే మెత్తగా తగిలింది. వెచ్చగా ఉంటుందిలే అనుకున్నా. అనుకున్నదే చెప్పా." చెప్పి, తలుపు తీసి దిగబోతూ, నా వైపు చూడకుండా, "గుడ్డలన్నీ తీసేసి నీ ఒంటికి అదుముకో. స్వెట్టరు లోపల పెట్టుకో. నేను బయటే ఉంటా," అన్నారు.

తలుపు పడింది. నేను గుండీలు విప్పి, పాపని మొలకి కట్టిన గుడ్డతో అలాగే చర్మానికి ఆనించుకుని, పైన స్వెట్టరూ శాలువా కప్పుకున్నాను. చన్నీళ్ల చెంబు గుండెకి పెట్టుకున్నట్టుంది. ఫోను తీశాను, సిగ్నలు లేదు. రోడ్డు మీద ఒక్క బండి లేదు. పొగమంచులో ఇటు నుంచి అటు పది అడుగులు కూడా కనిపించడం లేదు. వెనక్కి వచ్చెయ్యండి అంది నర్సు. ఎలా వెళ్లాలి? ఇంజను కాగిపోయి ఆవిరి కక్కుతోంది. నా బిడ్డ ఇక్కడే పోతుందన్న మాట మనసులోకి వచ్చింది. దాన్ని తరిమేసినా మళ్లీ వచ్చింది.

బానెట్టు లేచిన చప్పుడైంది. సందులోంచి చూద్దును కదా, ఆయన చెయ్యి రేడియేటరు మూత మీదకి వెళ్తోంది. నేను ఒక్క ఉదుటున పక్కకి వాలి హారను నొక్కి పట్టుకున్నాను. అది కొండంతా మోగింది. చెయ్యి ఆగింది.

"మూత ముట్టుకోకండి! అది కాలుతోందో లేదో మీకెలా తెలుస్తుంది? తీశారంటే మరిగే నీళ్లు మొహం మీదకే వస్తాయి!"

ఆ చెయ్యి వెనక్కి వెళ్లింది. తర్వాత బానెట్టు అవతల నుంచి గొంతు వినిపించింది. "నిజమే. ముందు చుక్క నీళ్లు వేసి చూస్తా. చిటపటలాడితే ఆగుతా. అది మానాక మోచెయ్యి ఆనించి చూస్తా. మోచేతికి ఇంకా తెలుస్తోంది."

చుక్క వేసిన చప్పుడు నాకు సీట్లోకి వినిపించింది. చుయ్‌మంది. ఇక ఎదురుచూడటం తప్ప చేసేదేమీ లేదు. ఇంజను చల్లారాలి, పాప వెచ్చబడాలి. చలి మాత్రం రెంటినీ ఒకే తీరున చల్లారుస్తోంది. "ఏడవ్వే," అన్నాను పాప చెవిలో. "ఒక్కసారి ఏడవ్వే తల్లీ. నీకు పుణ్యముంటుంది. మీ తాతని తిట్టు, నన్ను తిట్టు, ఏదో ఒకటి అను." దాని ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి తగిలిందో లేదో నా మొద్దు వేలికి తెలియలేదు. పై పెదవి ఆనించాను. తగిలింది, సన్నగా.

మళ్లీ చుక్క. మళ్లీ చుయ్. మూడోసారి చప్పుడు రాలేదు. "అబ్బ" అన్నారాయన, మోచేతికి సెగ తగిలినట్టుంది. ఆ అబ్బ విని నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. మరి కాసేపాగి, మఫ్లరు మడతలు పెట్టి మూత మీద వేసి, ముఖం పక్కకి తిప్పి కొద్దిగా తిప్పారు. బుస్సుమని ఆవిరి పోయింది. పూర్తిగా తీసి లోపలికి తొంగి చూశారు.

"ఎండిపోయింది," అన్నారు. "హీటరు పైపు క్లిప్పు వదులై నీళ్లన్నీ కారిపోయాయి. ముల్లుకి నీళ్లు తగలక అది కిందనే కూర్చుంది. నిన్న వేలు ముంచి చూశానమ్మా. వేలికి నీళ్లు తగిలాయనుకున్నా. వేలు బయటికి తీసి కంటితో చూసుకోవాలని తట్టలేదు. ఎప్పుడు చూసుకున్నా గనక!"

శాలువా ఇంకా బిగించి పాపని అదుముకున్నాను. తిట్టడానికి ఓపిక లేదు.

ఆయన క్లిప్పు బిగించారు. వెనక డబ్బాలోని చన్నీళ్లు ఒక్కసారిగా పోస్తే కాలిన ఇంజను పగులుతుందని, పాప పాల కోసం తెచ్చిన ఫ్లాస్కులోని వేడినీళ్లు కలిపి, కొంచెం కొంచెంగా పోశారు. తర్వాత నన్ను డ్రైవరు సీట్లోకి జరగమన్నారు. పాపని ఒక చేత్తో అదుముకుని, కుట్లు చురుక్కుమంటుంటే పళ్లు బిగబట్టి జరిగాను. తాళం తిప్పాను. మొదటిసారి గురగురమని ఆగిపోయింది. రెండోసారి అందుకుంది.

"హీటరు పూర్తిగా తెరువు. ఫ్యాను వెయ్యి. కాలితో మెల్లగా తొక్కి పట్టుకో. లోపల గాలి ఇరుక్కుని ఉంటుంది, అది బయటికి రావాలి. గాలి ఎలా వస్తోందో నువ్వే చెప్పాలి. నాకు తెలియదు."

లేపిన బానెట్టు మా ఇద్దరి మధ్య గోడలా నిలబడింది. ఆయనకి నేను కనపడను, నాకు ఆయన కనపడరు. నేను వంగి చెంప గాలిరంధ్రానికి దగ్గరగా పెట్టాను.

"ఎలా ఉంది?"

"మంచులా ఉంది."

"పాప?"

"అలాగే ఉంది."

నీళ్లు పోసిన చప్పుడు. గుడగుడమని కాళ్ల దగ్గర ఎక్కడో నీరు కదిలిన చప్పుడు. "బుడగలు వస్తున్నాయి," అన్నారు. "ఇంకొంచెం తొక్కు. ఎలా ఉంది?"

"చల్లగానే ఉంది."

"అబద్ధం చెప్పకు."

"నేనెందుకు చెప్తాను? అది మీ పని!"

అనేశాక నాలుక కరుచుకున్నాను.  మళ్లీ నీళ్లు, మళ్లీ గుడగుడ. డబ్బా అడుగు తగిలిన చప్పుడు కూడా వినిపించింది. ఈ నీళ్లు చాలకపోతే ఇక ఏమీ లేదు. అప్పుడు చెంపకి ఏదో తగిలింది. చలి కాస్త తగ్గినట్టు. నమ్మలేక రెండో చెంప పెట్టాను.

"మామయ్యా... గోరువెచ్చగా..."

"తొక్కు! వదలకు!"

"వెచ్చగా వస్తోంది. వెచ్చగా వస్తోంది మామయ్యా! కాలుతోంది!"

 ఆయన మూత బిగించి, అట్ట పీకి పారేసి, బానెట్టు దించారు. అద్దం మీద ఆవిరి అడుగు నుంచి మెల్లగా విడిపోతోంది. ఆయన డ్రైవరు వైపు తలుపు తీసి, "జరుగమ్మా, వెనక్కి తిప్పేస్తా. కిందికే కదా, త్వరగా వెళ్లిపోవచ్చు," అన్నారు.

నేను జరగబోయి ఆగాను. ఎందుకు ఆగానో ముందు నాకే తెలియలేదు.

"మామయ్యా, కాళ్లు?"

ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నారు.

"అరికాళ్లకి తెలుస్తోందా?"

"బ్రేకు మీద కాలుందో లేదో వంగి చూసుకుంటున్నానమ్మా," అన్నారు చివరికి. "ఇందాక ఎక్కేటప్పుడు కూడా చూసుకున్నా. రెండు మూడు సార్లు."

ఆ పొగమంచులో, ఆ లోయ పక్కన, ఈయన కాలు ఎక్కడుందో వంగి చూసుకుంటూ మమ్మల్ని తీసుకొచ్చారు. నాకు కోపం కూడా రాలేదు, భయం అంతగా ఆక్రమించింది. ఇక ఈ దిగుడులో ఆయన నడపడానికి వీల్లేదు. నేను నడపాలి. నడపాలంటే రెండు చేతులూ కావాలి, పాపకి ఒంటి వెచ్చదనం కావాలి.

ఆయనకీ అదే తట్టింది. చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చుని, తలుపు వేసి, చొక్కా గుండీలు విప్పారు. "ఇటివ్వు. ఛాతీకి ఇంకా తెలుస్తోంది."

"నిజంగానా?"

"నిజంగా."

నేను నమ్మలేదు. గడ్డకట్టిన నా అయిదు వేళ్లూ చటుక్కున ఆయన ఛాతీ మీద పెట్టాను. "అమ్మో!" అని ఆయన సీట్లోంచి ఎగిరిపడ్డారు. ఆ అరుపు దొంగ అరుపు కాదు. మామగారి ఛాతీ మీద చెయ్యి వేసిన కోడలు ఎవరైనా ఉందో లేదో నాకు తెలియదు, ఆలోచించే తీరిక కూడా లేదు. పాపని తీసి ఆయన గుండెల మీద బోర్లా పడుకోబెట్టి, పైన చొక్కా, స్వెట్టరు, నా శాలువా అన్నీ కప్పి, హీటరు గాలి అటు తిప్పాను. ఆయన కాలిన చేతిని ఎత్తి పక్కకి పెట్టుకుని, మోచేతులతో పాపని పొదివి పట్టుకున్నారు.

బండి వెనక్కి తిప్పి కిందికి దిగడం మొదలుపెట్టాను. బ్రేకు తొక్కిన ప్రతిసారీ పొట్టలో కుట్లు ఎవరో పట్టి లాగినట్టుంది. ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ముల్లు మీద. ముల్లు ఇప్పుడు నడిమధ్యకి వచ్చి నిలబడింది.

"ఎలా ఉంది మామయ్యా?"

"చల్లగానే ఉందమ్మా."

మలుపు తిరిగాను. "ఇప్పుడు?"

"చల్లగానే ఉంది. ఊపిరి మాత్రం తగులుతోంది."

కాస్త వెచ్చబడిందమ్మా అని ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోదు. నేను అడిగే తీరు చూస్తే ఎవరైనా జాలిపడి ఆ మాట అనేస్తారు. ఆయన అనలేదు. అడిగిన ప్రతిసారీ కళ్లు మూసుకుని, తెలుసుకుని, చల్లగానే ఉందని చెప్పారు.  అయినా అడగడం మానలేకపోయాను. ఎన్ని మలుపులు తిరిగానో, ఎన్నిసార్లు అడిగానో తెలియదు. పొగమంచు పలచబడి కింద ఊరి ఇళ్లు మసకగా కనిపిస్తున్నాయి.

"అమ్మాయ్!" అని కేక పెట్టారు ఉన్నట్టుండి.

నా కాలు బ్రేకు మీద పడింది. "ఏమైంది? ఏమైంది పాపకి?"

"తడిపేసింది! నా మీద పోసేసింది! కిందికి జారుతోంది..." ఆయన చొక్కాలోకి తొంగి చూసుకున్నారు. "వెచ్చగా ఉందమ్మా. నాకు తెలుస్తోంది. వెచ్చగా ఉంది!"

ఆయన ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు. నాకు కళ్లు మసకబారి రోడ్డు కనిపించడం మానేసింది. హీటరు నిండుగా పనిచేస్తోంది, ఈసారి తప్పు అద్దానిది కాదు.

"మురిసింది చాలు, ముందు తుడవండి! తడి ఉంటే మళ్లీ చల్లబడుతుంది!" అని అరిచాను. ఆయన మోచేతులతోనే తంటాలు పడుతూ, శాలువా కొసతో పాపనీ తననూ తుడిచి, తడిగుడ్డ లాగి కింద పడేసి, మళ్లీ గుండెలకి అదుముకున్నారు.

నేను కళ్లు తుడుచుకుని బండి కదిపాను. "ఇప్పుడు చెప్పండి. పాదాలు?"

ఆయన గడ్డం వంచి, పాప పాదాన్ని తన మెడ కింద ఆనించుకుని, తొందరపడకుండా చూశారు.

"పాదాలు ఇంకా చల్లగానే ఉన్నాయమ్మా. పొట్ట మాత్రం వెచ్చగా ఉంది."

ఆ మాట నమ్మి నేను ఆస్పత్రి దాకా నడిపాను.